ఛాతీనొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే: భివండి సాంచెల మధ్య నుంచి

మహారాష్ట్రలోని భివండి పద్మనగర్ సందుల్లో మరాఠీ, హిందీలతో పాటు తెలంగాణ తెలుగు కూడా వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాయి. ఆ ఇళ్లలో పాతికేళ్ల పిల్లవాడు "ఛాతిల గుంజుతున్నదే అమ్మా" అంటే తరచూ వచ్చే జవాబు, "గ్యాస్ అయి ఉంటది బిడ్డా, సోడా తాగు" అని. ఇంకోసారి వస్తే సందు చివరి దవాఖానలో ఒక సూది. సాయంత్రానికి నొప్పి తగ్గుతుంది, రాత్రి పాళీకి మనిషి మళ్లీ సాంచెల మధ్య నిలబడతాడు. పది రోజులు తిరగకముందే నొప్పి తిరిగి వస్తుంది.

పడుచు వయసులో వచ్చే ఛాతీనొప్పుల్లో ఎక్కువ భాగం గుండెవి కావు. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, డాక్టర్లు రోజూ చూసే నిజం. అయితే మనకొచ్చిన నొప్పి ఆ ఎక్కువ భాగంలోదో, మిగిలిన కొద్ది భాగంలోదో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం. పైగా గుండెది కాదని తేలినంత మాత్రాన వైద్యం అక్కర్లేదని అర్థం కాదు.

సినీ నటుడు తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్ర మధ్య గుండెపోటుతో కుప్పకూలి, ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆయనకు నలభై నిండలేదు. అలాంటి వార్త వచ్చిన వారం అందరూ ఈసీజీకి పరుగెత్తుతారు. నెల తిరిగేసరికి అంతా మామూలే. ఈ భయం వల్ల గానీ, ఆ మరుపు వల్ల గానీ రోగికి ఒరిగేదేమీ లేదు. నొప్పి ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, దేనితో పెరుగుతోంది, దేనితో తగ్గుతోంది అన్నది గమనించి డాక్టరుకు చెప్పడమే రోగి చేయగల అసలు పని. రోగ నిర్ణయంలో సగం ఆ నాలుగు మాటల్లోనే ఉంటుంది.

నూలు చుట్టిన బీములు ఎత్తేవాళ్లకు, పన్నెండు గంటలు వంగి పోగులు అతికేవాళ్లకు పక్కటెముకలు రొమ్ము ఎముకను కలిసే చోట వాపు వస్తుంది. అక్కడ వేలితో నొక్కితే నొప్పి పెరుగుతుంది, చెయ్యి ఎత్తినా కలుక్కుమంటుంది. అసిడిటీ తీరు వేరు. పాళీ దిగి భిస్సీలో (కార్మికుల మెస్సులో) కారం కూర తిని వెంటనే నడుం వాల్చేవాళ్లకు రొమ్ము ఎముక వెనక మండుతుంది, నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తాయి. ఆందోళన వల్ల వచ్చే నొప్పిలో గుండె దడదడలాడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. అదీ నిజమైన బాధే, దానికీ మందు ఉంది. కానీ మిగతావన్నీ చూశాకే డాక్టరు ఆ పేరు పెట్టాలి. "టెన్షన్ పడకు" అని పంపించేస్తే అది వైద్యం అనిపించుకోదు.

భివండిలో మరీ ఎక్కువగా అడగవలసింది ఊపిరితిత్తుల సంగతి. పాళీ దిగి వచ్చిన మనిషి కనుబొమల మీద దూది నుసి తెల్లగా అంటుకుని ఉంటుంది. ఆ కంటికి కనబడేది కడుక్కుంటే పోతుంది. దానికన్నా సన్నటిది ఊపిరితో లోపలికి పోతుంది. ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చినవాళ్లకు వచ్చే జబ్బు పేరు బిస్సినోసిస్. దీనికొక విచిత్రమైన గుర్తు ఉంది. వారపు సెలవు ముగించుకుని పనిలోకి వెళ్లిన మొదటి రోజే ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు ఉంటుంది. మర్నాటికి కాస్త తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పట్టు వారమంతా వదలదు. తొలి దశలో దుమ్ముకు దూరమైతే కోలుకోవచ్చు, ముదిరితే పోయిన శ్వాస తిరిగి రాదు. జిన్నింగు, వడుకు మిల్లులతో పోలిస్తే నేతలో ఈ ముప్పు తక్కువే, పాలిస్టర్ నేసే షెడ్డులో మరీ తక్కువ. కానీ కాటన్ షెడ్డులో పనిచేసేవాడు ఆ మాట నోరు తెరిచి చెప్పకపోతే డాక్టరుకు ఈ అనుమానం రావడం కష్టం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం బిస్సినోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. నలుగురైదుగురు పనిచేసే చిన్న షెడ్డులకు మాత్రం ఆ చట్టం వర్తించలేదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది, దుమ్ము షెడ్డు సైజు చూసి ఊపిరితిత్తుల్లోకి పోదు కదా.

కిక్కిరిసిన గదుల్లో ఉండేవాళ్లు క్షయను మరవకూడదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పోటు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు రెండూ ఉచితం. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లవాపు, జ్వరం వచ్చినవాళ్లకు గుండె కవాటం దెబ్బతిని ఉండొచ్చు. అలాంటివాళ్లకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూదితో జబ్బు ముదరకుండా ఆపవచ్చు.

ఇక గుండె. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు దక్షిణాసియా వాళ్లకు సగటున 53 ఏళ్లకు, మిగతావాళ్లకు దాదాపు 59 ఏళ్లకు వచ్చినట్టు తేలింది. సగటు 53 అంటే అంతకు చాలా ముందే వచ్చినవాళ్లూ అందులో ఉన్నారని. బీడీ, తంబాకు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, తండ్రికో అన్నకో 55 ఏళ్లలోపే గుండెజబ్బు వచ్చినవాళ్లు వయసును నమ్ముకోకూడదు. మెట్లెక్కితే వచ్చి, నిలబడితే నిమిషాల్లో తగ్గే బరువు గుండెను అనుమానించాల్సిన నొప్పి. పని చేస్తూ కళ్లు తిరిగి పడిపోవడమూ అంతే. వైరల్ జ్వరం తగ్గిన వారం రెండు వారాల్లో ఛాతీనొప్పితో పాటు ఆయాసం వస్తే గుండె కండరం వాచిందేమో చూడాలి.

ఈసీజీకి పట్టేది ఐదు నిమిషాలు. ఛాతీ మీద ఆరు చోట్ల, కాళ్లకు చేతులకు నాలుగు చోట్ల తీగలు తగిలిస్తారు, నొప్పేమీ ఉండదు. కాకపోతే నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగుందంటే గుండెకు ఏ జబ్బూ లేదని రాసిచ్చినట్టు కాదు. అవసరాన్ని బట్టి డాక్టరు ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎకో, ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష రాస్తారు. ప్రతిసారీ నొప్పి సూది పొడిపించుకుంటే మాత్రం నొప్పి దాగుతుంది, కారణం అలాగే ఉంటుంది. డైక్లోఫెనాక్ లాంటి మందులు పదే పదే వాడితే కడుపులో పుండ్లు పడతాయి, గుండెపోటు ముప్పూ పెరుగుతుంది.

మీటరు లెక్కన కూలీ తీసుకునే మనిషికి దవాఖానలో గడిపిన పూట కూలీ పోయిన పూటే. ఆలస్యానికి నిర్లక్ష్యం కన్నా ఇదే పెద్ద కారణం. సేట్లు ఒక పూట విడిచిపెడితే, తోటివాడు ఆ పూట సాంచెలు చూసుకుంటే చాలా ఇళ్లకు మేలు జరుగుతుంది. భివండిలో ఇందిరా గాంధీ స్మారక ఉప జిల్లా ఆసుపత్రి ఉంది. మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ ఆసుపత్రుల్లో 2023 ఆగస్టు 15 నుంచి పరీక్షలు, చికిత్స ఉచితం.

నొప్పి పదిహేను నిమిషాలు దాటినా, ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఊపిరి ఆడకపోయినా, ఉన్నట్టుండి ఒక పక్క పోటు వచ్చి ఆయాసం మొదలైనా సోడా కోసం చూడకండి, బండి మీద ఒంటరిగా బయల్దేరకండి. పక్కన ఎవరున్నా 108కి ఫోన్ చేయించండి.