మచ్చ ఉందని రాశాను కదండీ!

దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ కంప్యూటర్ కోర్సులో చేరని అమ్మాయి ఉండేదా? నేనూ చేరాను. హెచ్‌టీఎంఎల్ నేర్పారు. పెళ్లయి ఎల్బీనగర్ వచ్చాక ఆ నోటుపుస్తకం అటకెక్కింది.

2014లో బాబు స్కూలు ఫీజుకి చేతిలో డబ్బు ఆడక, అమ్మ పెట్టిన పోచంపల్లి పట్టుచీర ఓ ఆన్‌లైన్ వేలంలో పెట్టాను. రంగు, పొడవు, కొంగు దగ్గర చిన్న మచ్చ... అన్నీ వేర్వేరు వరుసల్లో టైపు చేశాను. తీరా చూస్తే అంతా ఒకే ముద్ద! చీర అందుకున్నావిడ మచ్చ చూసి మండిపడింది. "రాశాను కదండీ" అంటే, "ఎక్కడమ్మా, ఆ గందరగోళంలో?" అంది. డబ్బు వెనక్కిచ్చాను. రానూపోనూ కొరియర్ ఖర్చూ నాదే.

పుస్తకం దించితే సంగతి బోధపడింది. మనం ఎంటర్ కొడితే హెచ్‌టీఎంఎల్‌కి లెక్కలేదు, వట్టి ఖాళీ కిందే జమ. లెస్ దెన్, గ్రేటర్ దెన్ గుర్తుల మధ్య 'బీఆర్' అని రాస్తేనే కొత్త వరుస. 'బీ' రాస్తే అక్షరాలు లావవుతాయి. పని అయ్యాక స్లాష్ పెట్టి దాన్ని మూయాలి సుమండీ, లేకపోతే చివరిదాకా లావే!

రెండోసారి మచ్చ సంగతి మొదటి వరుసలోనే, లావు అక్షరాల్లో పెట్టాను. ధర తగ్గింది గానీ చీర తిరిగి రాలేదు.

ఈబే వారి ఇండియా సైటు 2018లో మూతపడింది. విదేశాలవాళ్లకు ఈబేలో అమ్మే మనవాళ్లకు మాత్రం ఈ గుర్తులు ఇప్పటికీ పనికొస్తాయి. గంతులేసే బొమ్మల మోజు వద్దు. జావాస్క్రిప్ట్ లాంటివి అక్కడ 2017 నుంచి ఒప్పుకోరు. అన్నట్టు, అమెరికా వాళ్లకయితే చీర పొడవు గజాల్లో కూడా రాయండి.