పాల వాహనాల ముందు అద్దం మరమ్మతు – వెలుతురు, చూసే కోణం

పాల సేకరణ వాహనాల మరమ్మతు బిల్లులపై సంఘాలలో వచ్చే తగాదాలలో ముందు అద్దం తగాదా ఒకటి. రాయి తగిలి అద్దం చిట్లుతుంది. కొత్త అద్దం ఖర్చు ఎందుకని పగులులో రెజిన్ నింపించి బాగు చేయిస్తారు. షెడ్డులో చూసిన అధ్యక్షులవారు “మచ్చ కూడా లేదు” అంటారు. మర్నాడు పొద్దుపొడుపు వేళ తూర్పు ముఖంగా బండి తోలిన డ్రైవరు “పగులు అలాగే ఉన్నది, తళుక్కుమని కళ్ళలో కొడుతున్నది” అంటాడు. ఒకరు అబద్ధమాడుతున్నారని రెండవవారి అనుమానం. నిజానికి ఇద్దరూ చూసినది చూసినట్లే చెబుతున్నారు.

ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. చిన్న రాయి దెబ్బకు సాధారణంగా వెలుపలి పలక మాత్రమే చిట్లుతుంది. రెజిన్ మరమ్మతు ఈ రకం అద్దానికే. పక్క కిటికీలకు వాడే టెంపర్డ్ గాజు పగిలితే చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. దానికి మరమ్మతు లేదు.

పగులు మన కంటికి ఎందుకు కనబడుతుంది? గాజు రంగేమీ మారలేదు. సందులోకి గాలి చేరింది, అంతే. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.52, గాలిది 1. ఈ తేడా వల్ల, గాజూ గాలీ కలిసే చోట వెలుతురు కొంత వెనక్కు తిరుగుతుంది. తిన్నగా పడితే నూటికి 4 వంతులే తిరుగుతుంది. ఏటవాలు బాగా హెచ్చితే ఆ వంతు కూడా బాగా హెచ్చుతుంది. గాజులో నుంచి గాలి వైపు పోయే కిరణం సుమారు 41 డిగ్రీలు దాటిన ఏటవాలులో తగిలితే, మొత్తం వెనక్కే మళ్ళుతుంది. అప్పుడు పగులు గోడ వెండి రేకులా మెరుస్తుంది.

రెజిన్ చేసే పని ఆ గాలిని వెళ్ళగొట్టి, గాజుకు దగ్గరి గుణకం గల పదార్థాన్ని అక్కడ నింపటమే. పకోడీలు కట్టిన కాగితం నూనె పీల్చిన చోట వెలుతురు ఎలా దిగుతుందో అందరూ చూసినదే. పీచుల మధ్య గాలి పోయి నూనె చేరింది. ఇదీ అటువంటిదే. అయితే రెజిన్ గుణకం గాజుకు దగ్గరిదే గాని అచ్చంగా అదే కాదు. పైగా రాయి తగిలిన చోట గాజు నలిగి ఉంటుంది. కాబట్టి మంచి పనిలో కూడా సన్నని ఆనవాలు మిగులుతుంది. పూర్తిగా మాయం చేస్తామనే మాటను నమ్మనక్కరలేదు.

ఇక కోణం సంగతి. మిగిలిన ఆనవాలు చిన్న అద్దపు ముక్క వంటిది. సూర్యుడు, ఆ ముక్క, మన కన్ను ఒక ప్రత్యేకమైన వరుసలో కుదిరినప్పుడే మెరుస్తుంది. తల బెత్తెడు జరిపితే కనబడదు. క్లీనరు సీటులో లేని మెరుపు డ్రైవరు సీటులో ఉండవచ్చు. ఎదుట నుంచి వాలుగా పడే ఎండ, రాత్రి ఎదురుబండి దీపాలు దానిని బాగా బయటపెడతాయి. వెనుక నల్లని చెట్టో గోడో ఉంటే మరింత స్పష్టం. వెనుక తెల్లని ఆకాశం ఉంటే అందులో కలిసిపోతుంది. రెజిన్ ఎండకు, అతినీలలోహిత దీపానికి గట్టిపడుతుంది గనుక నింపే పని నీడలో చేస్తారు, పని ముగిశాక అదే నీడలో చూపుతారు. ఇందులో మోసమేమీ లేదు, కాని ఆ చూపు చాలదు.

మన కార్యదర్శులకు, టెస్టర్లకు ఇది కొత్త విషయం కాదు. బ్యుటిరోమీటరును కంటికి సమంగా పట్టి చదవకపోతే వెన్న శాతం మారి, రైతుకు రావలసిన పైకమే మారుతుంది. అక్కడ పాటించే నియమం ఇక్కడా పాటించాలి.

బిల్లు పాసు చేసే ముందు అద్దాన్ని రెండు వైపులా తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము కూడా పగులులాగే మెరుస్తుంది. తడి మరొక చిక్కు: నీటి గుణకం 1.33 గనుక సందులో నీరు నిలిస్తే పగులు తగ్గినట్లు కనబడి, ఆరగానే మళ్ళీ తేలుతుంది. తడి ఆరకముందే రెజిన్ నింపితే పని చెడుతుంది కూడా. ఆ పిమ్మట ఉదయం బండిని సూర్యుని వైపు నిలిపి, డ్రైవరు సీటులోనే కూర్చుని, తల అటూ ఇటూ జరుపుతూ చూడాలి. వెలుపల ఒకరు నల్ల కంబళి పట్టుకుంటే మేలు. చీకటి పడ్డాక టార్చి వెలుతురులో మరొకసారి చూడాలి.

ఒక్క కోణంలో మాత్రమే సన్నని గీత కనబడితే బిల్లు ఆపటం న్యాయం కాదు. ఎటు నుంచి చూసినా వెండి మచ్చ పోకపోతే లోపల గాలి మిగిలినట్లే, మళ్ళీ నింపించాలి. గోటితో రాస్తే గుంట తగిలినా తిరిగి చేయించవలసిందే. పగులు అంచు దాకా పాకినా, లోపలి పలక కూడా చిట్లినా రెజిన్ పై ఖర్చు దండుగ, అద్దం మార్చాలి. డ్రైవరు చూపుకు ఎదురుగా పడిన దెబ్బ విషయంలో నేను మార్పునే సమర్థిస్తాను. చీకటితో బయలుదేరే పాల బండికి ఎదురయ్యేది సైకిలు మీద పాల క్యాను తెచ్చే మన సభ్యుడే కావచ్చు.

పరీక్షించిన వేళ, బండి నిలిపిన దిక్కు, కనబడినది బిల్లు వెనుక రాసి, కార్యదర్శితో పాటు ఆ మార్గం డ్రైవరు సంతకం కూడా తీసుకోగలరు.