మాట లేని నాటకము: ‘హష్’ కథాభాగ పరిశీలనము

నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. అందు వాక్కు నాట్యమునకు శరీరము వంటిదనియు, కావున దానియెడ విశేషయత్నము చేయవలెననియు భరతుని మతము. శరీరమే తొలగిన యెడల నాట్యము నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానమును మేమొక అనూహ్యమైన తావున వెదకదలచితిమి. అది అమెరికాలో యువజనులకై నిర్మింపబడిన యొక టెలివిజన్ నాటకములోని కథాభాగము. కుఱ్ఱవాండ్ర వినోదమునకు పరిశోధన పత్రికలో చోటేల యని కొందఱు శంకింపవచ్చును. కాని భాష చేయు పని యెట్టిదో, దాని హద్దులెచ్చటనో ఇంత సూటిగా పరీక్షించిన దృశ్యరచనలు అరుదు.

‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అను నాటకము 1997 నుండి 2003 వఱకు ఏడు విభాగములుగా, 144 కథాభాగములుగా ప్రసారమైనది. రక్తపిశాచములను సంహరించు బాధ్యత విధివశమున సంక్రమించిన బఫీ యను యువతి ఇందు నాయిక. కాలిఫోర్నియాలోని సన్నీడేల్ అను కల్పిత పట్టణము కథారంగము. నాల్గవ విభాగమునందలి పదియవ కథాభాగము ‘హష్’. ఆ మాటకు ఊరకుండుమని యర్థము. 1999 డిసెంబరు 14వ తేదీన ప్రసారమైన దీనికి రచయితయు దర్శకుడును జాస్ వీడనే. చమత్కార సంభాషణలకు పేరొందిన రచయిత, తన బలమైన ఆయుధమును తానే ప్రక్కన బెట్టి వ్రాసిన రచన యిది. సుమారు 44 నిమిషముల నిడివిలో సంభాషణ యున్నది దాదాపు 17 నిమిషములే. అయినను, 2000 సంవత్సరపు ఎమ్మీ పురస్కారములలో ఇది పరిశీలనకు ఎంపికైనది రచనా విభాగముననే యగుట గమనింపదగినది. మాటలు వ్రాయుటయే నాటకరచన కాదని దీనివలన తేలుచున్నది.

కథ తరగతిగదిలో నారంభమగును. మానసికశాస్త్రాచార్యురాలు భావవినిమయము వేఱు, భాష వేఱు అని బోధించుచుండును. ఆ ఘట్టము నాయిక కన్న కలయని పిదప తెలియును. కాని రచయిత సూత్రము నచ్చటనే నిలిపినాడు. అటుపై వచ్చు దృశ్యములన్నియు ఆ సూత్రమునకు ఉదాహరణములే. బఫీయు రైలీ యను యువకుడును పరస్పరానురక్తులు. ఆమె తన సంహారకార్యమును, అతడు తన రహస్య సైనికోద్యోగమును దాచుచు, ఎడతెగక మాటలాడుచుందురు గాని దగ్గఱ కాజాలరు. తనపై ప్రేమ యున్నదా యని ఆన్యా యడుగగా జాండర్ మాట తడబడును. మంత్రవిద్యాసక్తుల గోష్ఠికి పోయిన విల్లోకు అచ్చట ఉబుసుపోక మాటలే గాని విద్య కనబడదు. ఇట్లు ప్రథమార్ధమున మాట తెరవలె అడ్డుగా నిలిచినది.

అంతట ‘జెంటిల్మెన్’ అనువారు పట్టణమున ప్రవేశింతురు. నల్లని దుస్తులు, బోడితలలు, చెదరని చిఱునవ్వు గలిగి, నేలకు తాకక తేలిపోవు ఈ పిశాచములు నిద్రించువారి కంఠస్వరముల నన్నింటిని హరించి యొక పెట్టెలో బంధించును. వానికి ఏడు గుండెలు కావలెను. మనుష్యుని నిజమైన కేక విన్నచో అవి నశించును. కావుననే ముందుగా కేకను దొంగిలించినవి. కేక వేయలేని ఊరిలో హత్యకు అడ్డమేమున్నది?

ఇచ్చట మాట పోయినంతనే ముడులు విడుచున్నవి. వీథిలో ఎదురుపడిన బఫీ, రైలీలు సంకోచము వీడి ముద్దాడుదురు. పోరాటస్థలమున ముఖాముఖి నిలిచినపుడు దాచిన రహస్యము కంటికే తెలిసిపోవును. ఆన్యాకు హాని కలిగినదని భ్రమించి జాండర్ స్పైక్ అను రక్తపిశాచముపై బడి కొట్టును. ఆమె యడిగిన ప్రశ్నకు అదియే సమాధానమైనది. గోష్ఠిలో నోరు మెదపలేకపోయిన టారా యను బిడియస్థురాలు, విల్లోతో చేయి కలిపినంతనే వారి యుమ్మడి శక్తికి బరువైన పానీయయంత్రము కదలి తలుపున కడ్డుపడును.

ఇంతమాత్రముచే మాటకంటె మౌనమే మేలని రచయిత చెప్పుచున్నాడనుట తొందరపాటు. సంజ్ఞయు తప్పుదారి పట్టించునని ఆయన రెండుమాఱులు చూపినాడు. గురువైన గైల్స్ బొమ్మలు ప్రదర్శించి పిశాచముల వృత్తాంతమును వివరించుచుండగా, బఫీ పొడుచు ఉపాయమును చేతితో నభినయించును. సహచరులు దానిని మఱియొక యర్థమున గ్రహించి నివ్వెఱపోదురు. ఆయుధమును చేతబట్టి మరల చూపినపుడే సందేహము తీరును. తుదిపోరులో పెట్టెను పగులగొట్టుమని ఆమె సైగ చేయగా, రైలీ ముందుగా ప్రక్కనున్న వేఱొక వస్తువును పగులగొట్టును. ఆంగికమునకును సందర్భజ్ఞానము, సంకేతపరిచయము ఆవశ్యకములని ఈ ఘట్టములు నిరూపించుచున్నవి.

పెట్టె పగిలి స్వరము మరలినపుడు బఫీ పలుకునది మాట కాదు, కేక. పిశాచములు దానితోనే నశించును. ఈ తావుననే కథయొక్క మర్మమున్నదని మా యభిప్రాయము. అర్థబద్ధమైన భాషకును దేహజన్యమైన స్వరమునకును నడుమ గల భేదమును రచయిత యిచ్చట విడదీసి చూపినాడు. భాష లేకున్నను మనుష్యులు ఒకరినొకరు తెలిసికొనగలరు. స్వరము లేనిచో ప్రాణరక్షణమే లేదు. మన లాక్షణికులు స్వరభేదమును సాత్త్వికభావములలో లెక్కించిరి. అది లోపలి యుద్వేగము బయటపడు తీరు. ఇందలి స్వరహరణము వెలినుండి వచ్చిపడినది. కావున నటులు భయమును, ప్రేమను కన్నులలోను నడకలోను నిలుపవలసివచ్చినది. క్రిస్టఫ్ బెక్ సంగీతము మాట విడిచిన చోటును నింపినది.

తెలుగువారైన సింగీతం శ్రీనివాసరావు 1987లో సంభాషణలు లేకుండ ‘పుష్పక విమానము’ను నిర్మించినవిషయము పాఠకులకు తెలిసినదే. అచ్చట మౌనము రచనానియమము. పాత్రలకు దాని యెఱుక లేదు. ‘హష్’లో మౌనము కథలోని విపత్తు, పాత్రలు దానిని గుర్తించి దుఃఖించును. ఈ భేదమును పరిశోధక విద్యార్థులు గుర్తింపవలెను.

ముగింపున స్వరములు తిరిగివచ్చిన పిదప బఫీ, రైలీలు ఎదురెదురుగా కూర్చుందురు. మాటలాడవలసినది చాల కలదని యిద్దఱు నొప్పుకొందురు. పిమ్మట ఒక్క మాటయు వెడలదు. మౌనము తొలగింపలేని చిక్కు ఒకటి మిగిలినది. నిజము తెలిసిన తరువాత దానిని మాటలో పెట్టవలసిన భారమే యది. భరతుడు వాక్కును శరీరమని యేల యనెనో ఆ తుదిదృశ్యము చూచినపుడు మాకు నూతనముగా స్ఫురించినది. భాషను బోధించు మనము దాని సంపదను గూర్చి నిత్యము చెప్పుచుందుము. అది అడ్డుతెరయగు సమయములను, అది లేక గడువని సమయములను గూడ విద్యార్థులకు చూపవలసియున్నది.