కరక్కాయ చెప్పిన అచ్చు రహస్యం

పచ్చి అరటికాయనో, ఉసిరికాయనో ఇనుప కత్తితో కోసినప్పుడు కత్తి నల్లబడడం మీరు చూసే ఉంటారు. అమ్మ ఆ కత్తిని తుడిచి పక్కన పెడుతుంది. మనమూ అంతటితో మరిచిపోతాం. కాని గుడ్డల మీద చెరగని అచ్చు వేసే విద్య ఆ నల్లమరకలోనే దాగి ఉంది. ఈ సంగతి నాకు గుర్తు చేసినవాడు అరకు లోయలో నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒక కుర్రవాడు.

ఒక ఏడాది వైజ్ఞానిక ప్రదర్శన కోసం మా పిల్లల చేత గుడ్డ మీద అచ్చులు వేయించాను. బెండకాయను అడ్డంగా కోసి, బీట్‌రూట్ రసంలో ముంచి అద్దితే చక్కని ఎర్రపూలు పడ్డాయి. తీరా గుడ్డను ఉతికేసరికి పూలన్నీ నీళ్ళలో కలిసిపోయాయి! పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను గాని, మనసులో చిన్నబోయాను.

అప్పుడా కుర్రవాడు లేచి, "మాస్టారూ, కరక్కాయ కోసిన కత్తి మరక చొక్కాకు అంటితే ఎంత ఉతికినా పోదు. దాంతో అచ్చు వేస్తే?" అన్నాడు. వాళ్ళమ్మ అడవిలో కరక్కాయలు ఏరి సంతలో అమ్ముతుంది. తూర్పు కనుమల్లో ఎన్నో గిరిజన కుటుంబాలకు ఇలాంటి అటవీ ఫలసాయమే చేతిఖర్చు. దాన్ని కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలో ఉంది.

కుర్రవాడు చెప్పినట్టే చేసి చూశాం. మీరూ చేసి చూడండి. అయితే మీ సైన్సు మాస్టారు దగ్గరుండగా చేయాలి. వంట గిన్నెలు వాడకూడదు. ఏ ద్రావణాన్నీ రుచి చూడకూడదు.

ఒక గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల కరక్కాయ పెచ్చుల పొడి వేసి రాత్రంతా నాననివ్వండి. వడకట్టి, గంజి లేని తెల్లని నూలుగుడ్డను అందులో ముంచి ఆరవేయండి. మరో సీసాలో తుప్పు పట్టిన మేకులు వేసి, అవి మునిగేలా వెనిగర్ పోసి వారం రోజులు ఉంచండి. లోపల వాయువు పుడుతుంది కనుక మూత బిగించవద్దు. ఆ ద్రావణంలో కొంచెం తుమ్మజిగురు కలిపి, బెండకాయ ముక్కను ముంచి గుడ్డ మీద అద్దండి. చూస్తుండగానే పువ్వు నల్లబడుతుంది! ఇప్పుడు పటిక నీళ్ళతో ఇంకో పువ్వు అద్దండి. అది పసుపురంగుకు తిరుగుతుంది. రెండూ ఆరాక ఉతకండి. కరక్కాయ నీళ్ళలో ముంచని గుడ్డ మీద కూడా ఇవే అచ్చులు వేసి, రెండింటినీ పోల్చండి.

ఏం జరిగింది? కరక్కాయలో టానిన్లు అనే పదార్థాలు ఎక్కువ. అవి నూలుపోగులను పట్టుకుంటాయి. ఇనుప లవణం వచ్చి టానిన్‌ను పట్టుకుంటుంది. ఈ రెండూ కలిసి నీటిలో కరగని కొత్త నల్లని పదార్థం పోగుల్లోనే తయారవుతుంది. అందుకే ఉతికినా పోదు. పటికలోని అల్యూమినియం కూడా ఇలాగే పట్టుకుంటుంది గాని, అది ఇచ్చే రంగు వేరు. ఇలా రంగును గుడ్డకు కట్టిపడేసే లవణాన్ని వర్ణబంధకం అంటారు. ఆంగ్లంలో మోర్డెంట్. లాటిన్ భాషలో 'కరవడం' అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. మా బీట్‌రూట్ రంగును కరిచి పట్టేది ఏదీ లేకపోయింది. అదీ మా పొరపాటు!

ఈ కిటుకు మన కలంకారీ పనివారికి వందల ఏళ్ళుగా తెలుసు. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, పెడన వెళ్ళితే టేకు దిమ్మల మీద చెక్కిన అచ్చులు కనిపిస్తాయి. అక్కడ ముందుగా గుడ్డను కరక్కాయ నీళ్ళలో తడుపుతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. బెల్లం పులిసి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. మన వెనిగర్‌లో ఉన్నదీ అదే. అది ఇనుమును కరిగించుకుంటుంది. ఆ ద్రావణంతో వేసిన అచ్చు నల్లగా వస్తుంది. ఎరుపు కావలసిన చోట జిగురు కలిపిన పటికతో అచ్చు వేస్తారు. అప్పటికి ఎరుపు అనేది కనబడదు. తరువాత గుడ్డను రంగువేర్లతో ఉడికిస్తే, పటిక పడ్డచోటే ఎరుపు నిలుస్తుంది. అంటే పనివాడు అచ్చు వేసేది రంగును కాదు, రంగు నిలిచే చోటును! ఒకప్పుడు ఈ ఎరుపుకు చిరువేరు వాడేవారు. అందులో ఉండే అలిజరిన్ అనే రంగును 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారు చేశారు.

ఈ విద్య కోసం యూరప్ ఎంత ఆరాటపడిందో చూడండి. 1734 ప్రాంతంలో బొలియో అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో అద్దకం పనివారి దగ్గర కూర్చున్నాడు. ప్రతి దశ ముగిసినప్పుడల్లా గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, జరిగినదంతా రాసుకున్నాడు. ఆ పని చేయమని కోరినవాడు డ్యూఫే. విద్యుదావేశాలు రెండు రకాలని చెప్పిన శాస్త్రజ్ఞుడు ఆయనే!

బొలియో చేసిన పనిలో ఒక గొప్ప పద్ధతి ఉంది. పాత విద్యను దశలుగా విడదీయాలి. ఏ దశలో ఏం జరుగుతున్నదో కనిపెట్టాలి. నేడు విశ్వవిద్యాలయాల్లో పాత ముద్రణ పద్ధతుల నుంచి కొత్తవి సృష్టించే పరిశోధకులు చేసేదీ ఇదే. వారు ఇంకో అడుగు ముందుకు వేసి, ఏ దశను మార్చినా పని చెడదో పరీక్షిస్తారు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో, వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి కేంద్రం ఒకటి ఉంది. 1864లో వుడ్‌బరీ అనే ఆయన ఛాయాచిత్రాలను అచ్చు వేసే ఒక పద్ధతి కనిపెట్టాడు. పత్రికలో బొమ్మను భూతద్దంతో చూస్తే చుక్కలు కనిపిస్తాయి కదా? వుడ్‌బరీ బొమ్మలో చుక్కలే ఉండవు. రంగు కలిపిన జెలటిన్ పొర మందంగా ఉన్నచోట నలుపు, పలచగా ఉన్నచోట తెలుపు. కాని దాని అచ్చును సీసపు రేకు మీద బ్రహ్మాండమైన ఒత్తిడితో తయారు చేయాలి. సీసం విషం. అందుకని అక్కడి పరిశోధకులు సీసం లేకుండా, కంప్యూటర్ సాయంతో ఆ అచ్చులు తయారు చేసే దారులు వెతికారు.

మన దగ్గరా ఇటువంటి కృషి జరిగింది. హైదరాబాదు సైఫాబాద్‌లోని గృహవిజ్ఞాన కళాశాలలో చెట్ల ఆకులు, బెరళ్ళు, పూల నుంచి రంగులు తీసి, అవి ఉతుకుడుకు, ఎండకు, రాపిడికి ఎంత తట్టుకుంటాయో పరీక్షించారు.

మీలో ఎవరైనా అలాంటి పరిశోధకులైతే ఎదురయ్యే చిక్కుప్రశ్నలు కొన్ని చెబుతాను. కంప్యూటర్‌కు తగిలించే ఇంక్‌జెట్ యంత్రంతో కరక్కాయ అచ్చు వేయగలమా? దాని రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం. దిమ్మతో వేసేటప్పుడు ద్రావణం పాకిపోకుండా జిగురు కలిపి చిక్కబరుస్తాం. యంత్రానికి మాత్రం పలచటి ద్రావణం కావాలి. పలచనైతే పువ్వు అంచులు పాకిపోవా? ఇనుప ద్రావణంలోని ఆమ్లం యంత్రాన్ని తినేయదా? ఇక వర్ణబంధకం సంగతి. కొన్ని క్రోమియం లవణాలు రంగును గట్టిగా పట్టి ఉంచుతాయి గాని విషపూరితాలు. గుడ్డ ఉతికిన నీళ్ళు చివరికి ఏ గెడ్డలో కలుస్తాయి? ఆ గెడ్డ నీళ్ళు ఎవరు తాగుతారు? రంగు బాగుంటే చాలదు, దీనికీ జవాబు చెప్పగలగాలి.

మా ప్రదర్శన రోజున ఆ కుర్రవాడు ఉతికిన గుడ్డ పక్కన ఒక బుట్టెడు కరక్కాయలు పెట్టాడు. చూడవచ్చిన వాళ్ళమ్మ ఆ నల్లపూలను తడిమి, నల్లబడిన తన వేళ్ళ వైపు చూసుకుని, "ఇది నాకు తెలిసిందే కదా బాబూ!" అంది. ఆమె మాట నిజమే. ఆమెకు తెలిసినదానికి 'ఎందుకు' అన్న ప్రశ్న ఒక్కటే మేము జోడించాము.

ఇప్పుడు మీ వంతు. మీ ఊళ్ళో దొరికే ఉసిరికాయ, తుమ్మకాయ, దానిమ్మ తొక్కలతో ఇదే ప్రయోగం చేయండి. ఏది ఎక్కువ నలుపు ఇచ్చింది? ఎన్ని ఉతుకులకు నిలిచింది? ప్రతి దశలో బొలియో లాగే ఒక గుడ్డముక్క కత్తిరించి, నోటుపుస్తకంలో అతికించి, తేదీ వేసి రాసుకోండి.