రాత్రి కొలువు.. పగలు చాకిరీ
జీతంతో విలువ పెరిగినా కాల్‌సెంటర్ మహిళలకు కరవైన నిద్ర

హైదరాబాద్: ఊరంతా నిద్రకు ఉపక్రమించే వేళ వారి ఉద్యోగం ఊపందుకుంటుంది. కోడి కూసే వేళకు ఇంటికి చేరుకుంటారు. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో 2000 తర్వాత వెలసిన కాల్‌సెంటర్లు జిల్లాల నుంచి వచ్చిన యువతులెందరికో తొలి కొలువునిచ్చాయి. ఇంగ్లిషులో ధారాళంగా మాట్లాడగలిగితే సాధారణ డిగ్రీ సరిపోవడమే ఇందుకు కారణం.

రాత్రివేళే ఎందుకు?
అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలకు కార్యాలయాలు తెరిచేసరికి ఇక్కడ వేసవిలో సాయంత్రం 6.30, శీతకాలంలో 7.30 అవుతుంది. అక్కడి పనివేళలు ముగిసేసరికి మనకు తెల్లవారుజాము. దుకాణాలు, సంస్థల చట్టంలో మహిళల రాత్రి పనిపై ఆంక్షలున్నప్పటికీ, రవాణా, భద్రత కల్పించాలన్న షరతులతో ఐటీ ఆధారిత సేవలకు ప్రభుత్వం మినహాయింపునిచ్చింది.

మాటకు విలువ.. నడకపై నిఘా
నెలనెలా అందే జీతం ఇంట్లో ఆడపిల్ల మాటకు విలువ పెంచింది. తమ్ముడి ఫీజు, తండ్రి అప్పు తీర్చే కూతురు తన పెళ్లి విషయంలోనూ అభిప్రాయం చెప్పగలుగుతోంది. అయితే సంబంధాలు చూసే వేళ అదే కొలువు అడ్డంకిగా మారుతోంది. తెల్లవారుజామున కారు దిగే అమ్మాయిని ఇరుగుపొరుగు అనుమానంగా చూస్తారు. అవే వేళల్లో పనిచేసి వచ్చే అబ్బాయిని మాత్రం ఎవరూ ప్రశ్నించకపోవడం గమనార్హం.

ప్రయాణంలో పొంచిన ముప్పు
2005 డిసెంబరులో బెంగళూరులో, 2007 నవంబరులో పుణెలో విధులకు బయలుదేరిన ఇద్దరు ఉద్యోగినులు హత్యాచారానికి బలయ్యారు. రెండు కేసుల్లోనూ కారు డ్రైవర్లే దోషులుగా తేలారు. రాత్రిపూట మహిళ ఒంటరిగా ప్రయాణించాల్సి వస్తే కారులో కాపలాదారు ఉండాలన్న డిమాండ్ ఈ ఘటనలతో బలపడింది.

కునుకు కరవు
ఇల్లాలైతే తెల్లవారగానే పొయ్యి వెలిగించాలి, పిల్లలను బడికి పంపాలి. ఆ తర్వాతే నిద్ర. అదీ గేటు చప్పుడు, ఫోను మోతల మధ్య ముక్కలవుతుంది. శరీర గడియారాన్ని దెబ్బతీసే రాత్రి పనిని క్యాన్సర్‌కు దారితీసే అవకాశమున్న వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది. 2019లో మళ్లీ అదే నిర్ధారించింది.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం, 50 మంది, ఆపైన ఉన్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ నిర్దేశించాయి. కార్యాలయానికి చట్టాలున్నాయి. పగటిపూట ఏడు గంటల నిద్రను మాత్రం ఇంటివారే ఇవ్వాలి. ఆమె జీతాన్ని పంచుకునే కుటుంబం ఆమె పనినీ పంచుకుంటేనే అది సాధ్యం.