కోటలు మిగిలాయి... గుర్రాలు వెళ్లిపోయాయి!

ఏనుగు పట్టేంత సింహద్వారం, ఎత్తయిన బురుజులు, లోపల బారుగా గుర్రపుశాలలు, చుట్టూ కనుచూపు మేర భూములు... ఒకప్పుడు ‘గడి’ అంటే ఊరికి అదే కచేరీ, అదే ఠాణా, అదే ఖజానా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో అలాంటి సంస్థానాలు, దేశ్‌ముఖీలు ఎన్నో ఉండేవి. భూములు పోయాయి, గుర్రాలు పోయాయి. మిగిలిన గోడలకు ఇప్పుడు గజాల లెక్కన ధర పలుకుతోంది. ఇంతకీ అమ్మకానికి వచ్చేది పాత ఇల్లేనా?

తెలుగువారికి ఉలవలంటే ఉలవచారే గుర్తొస్తుంది. కానీ పాతకాలం వాళ్లకు ముందు గుర్తొచ్చేది గుర్రం. వాన తప్ప వేరే ఆధారం లేని మెట్ట చేలలో జొన్నలు, ఉలవలు పండేవి. ఆ ఉలవలే ఉడికి గుగ్గిళ్లై గుర్రాలకు దాణా అయ్యేవి. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. గుర్రాన్ని పోషించడమంటే ఇంటిముందు సంపదను కట్టేసుకోవడమే. అందుకే కాపు ఇంట్లో ఎద్దులుండేవి, దొర ఇంట్లో గుర్రాలుండేవి.

ఈ నేలకు గుర్రాలతో పరిచయం నిన్నమొన్నటిది కాదు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుడులు కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఎనిమిది వందల ఏళ్ల కిందట కట్టించినవి. ఆ రోజుల్లో మేలుజాతి గుర్రాలు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో వచ్చేవి. దక్కన్‌ను ఏలినవాళ్లు ఆశ్వికదళం కోసం ఎంత ఖర్చయినా వెనకాడేవారు కాదు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగిన వర్తకంలో ఎక్కువ భాగం ఈ వైపు నుంచే నడిచింది. ఇప్పుడు హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా వెళుతోంది. గుర్రాలు నడిచిన దిక్కునే కార్లు పరుగులు తీస్తున్నాయి.

లక్షన్నర ఎకరాల దొర

నిజాం రాజ్యంలో దేశ్‌ముఖులు మొదట శిస్తు వసూలు చేసే మధ్యవర్తులు. ఆ అధికారమే క్రమంగా భూములనూ తెచ్చిపెట్టింది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలోని లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు, సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20 వేల ఎకరాలు, ఎర్రపహాడ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి ఏకంగా లక్షన్నర ఎకరాలు!

అంత భూమి ఉన్నవాడి ఇల్లు గడి కాక మరేమవుతుంది? దాని ముందు చెప్పులతో నడవకూడదు. బండి ఎక్కిన వాడు దిగాలి. దౌరాకు వచ్చిన అధికారి గుర్రానికి గడ్డి కోసుకొచ్చేది, నీళ్లు పెట్టేది ఊళ్లోని వెట్టివాళ్లే. కూలీ అన్న మాటే లేదు. గుర్రానికి వేళకు దాణా దొరికేది. దాన్ని చూసుకునే మనిషికి మాత్రం ఆ భరోసా లేదు.

ఆ కోపమే 1946లో రాజుకుంది. ఆ ఏడాది జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయాక పోరాటం ఊరూరా పాకింది. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలు దానికి గుండెకాయలయ్యాయి. భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం ఈ ప్రాంతం వాళ్లే. 1951లో పోరాటం ఆగేనాటికి దాదాపు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు సుందరయ్య రాశారు. చాలా గడుల తలుపులు అప్పుడు మూతపడినవే. కొందరు దొరలు పట్నం చేరి మళ్లీ తిరిగిరాలేదు.

నిజాం నేల మధ్య ఓ దీవి

కోదాడ వైపు కథ వేరు. ఇక్కడి మునగాల పరగణా చుట్టూరా నిజాం రాజ్యం ఉన్నా తాను మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కృష్ణా జిల్లా నందిగామ తాలూకా కింద లెక్క. రాజావారి కోట నడిగూడెంలో ఉంది. జమీందారు నాయని వేంకట రంగారావు.

ఆ కోట పేరు తెలుగు అక్షరం ఉన్నంతకాలం ఉంటుంది. కారణం ఆ రాజావారు ఎంచుకున్న దివాను! ఆయన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఈ ఇద్దరూ, రావిచెట్టు రంగారావు తదితరులూ కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించారు. తెలుగు చదువుకు దిక్కులేని నిజాం రాజధానిలో అది తొలి వెలుగు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. చరిత్ర, సైన్సు, జీవిత చరిత్రలు తేట తెలుగులో చవక ధరకు ఇళ్లకు చేరాయి. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ అచ్చయిందీ ఆ మండలి ద్వారానే.

పింగళి వెంకయ్య కూడా కొన్నేళ్లు మునగాల రాజావారి ఆదరణలో నడిగూడెంలో ఉన్నారు. పత్తి వంగడాల మీద ప్రయోగాలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నారు. జాతీయ పతాకం ఎలా ఉండాలన్న దానిపై ఆయన పుస్తకం 1916లో వెలువడింది. 1921 బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఆయన జెండా గాంధీజీ చేతికి చేరింది. ఆ ఆలోచన తమ కోటలోనే మొలకెత్తిందని నడిగూడెం వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

అయితే కోటకు రెండో ముఖమూ ఉంది. పుస్తకాలకు చేయూతనిచ్చిన ఆ జమీందారీలోనే రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్లకూ ఎదురుతిరిగారు. 1930ల్లో నండూరి ప్రసాదరావు వంటి నాయకులు వాళ్ల వెనక నిలిచారు. లాఠీలు, కేసులు, జైళ్లు... పరగణా ఉద్యమం ఆంధ్ర రైతు పోరాటాల్లో ఒక అధ్యాయమైంది. గ్రంథాలయాన్ని తలచుకుని వెట్టిని మరిచిపోవడం సరికాదు. వెట్టిని తలచుకుని గ్రంథాలయాన్ని చెరిపేయడమూ సరికాదు. ఆ గోడలకు రెండూ తెలుసు.

1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీల కథ ముగిసింది. 1949 ఆగస్టులో అటు హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లూ రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మునగాల నల్గొండ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11 నుంచి మునగాల, నడిగూడెం, కోదాడ సూర్యాపేట జిల్లాలో భాగాలు. మిర్యాలగూడ మాత్రం నల్గొండలోనే ఉండిపోయింది.

మరి గుర్రాలేమయ్యాయి?

సంస్థానాల్లో ముందు కార్లు వచ్చాయి. తర్వాత శిస్తు రాబడి ఆగింది. రాబడి లేని గుర్రపుశాల ఎన్నాళ్లు నిలుస్తుంది? 1967లో నాగార్జునసాగర్ నీళ్లు విడుదలయ్యాక నేల తీరే మారిపోయింది. ఎడమ కాలువ కింద ఉలవ చేలు వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల పట్టణమైంది. ఎకరంలో రెండు పంటలు తీసే చోట గుర్రాల మేతకు బీడు వదిలేదెవరు?

చివరి దెబ్బ భూసంస్కరణలది. 1973 చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయిదుగురున్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలకు మించి ఉండకూడదు. పందెపు గుర్రాల పెంపకానికేమో విశాలమైన పచ్చిక కావాలి. ఆడగుర్రం పదకొండు నెలలు మోస్తుంది. పుట్టిన పిల్ల అయిదారు నెలలు తల్లి వెంటే తిరగాలి, పరుగెత్తాలి, ఎముక గట్టిపడాలి. థారోబ్రెడ్ జాతికి కృత్రిమ గర్భధారణ నిషేధం. కాబట్టి మగగుర్రాన్ని కూడా పోషించాలి, లేదా ఆడగుర్రాన్ని అది ఉన్నచోటికి పంపాలి. మన దేశంలో డెర్బీకి పరుగెత్తేది నాలుగేళ్ల గుర్రం. అంటే పెట్టిన పెట్టుబడి తిరిగొస్తుందో లేదో తెలిసేసరికి అయిదేళ్లు!

అలా పల్లె గుర్రపుశాలలు ఖాళీ అయితే, హైదరాబాద్ గుర్రాల ముచ్చట మలక్‌పేటలో మిగిలింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మౌలాలి నుంచి పందేలు అక్కడికి మారాయి. ‘దక్కన్ డెర్బీ’ జరిగేది అక్కడే. గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం ఉన్న ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పన్ను మాత్రం కనికరించలేదు. 2025 సెప్టెంబరు నుంచి పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి చేరింది.

కుణిగల్ చెప్పే పాఠం

గుర్రాల ఎస్టేటు ఒకటి చేతులు మారే వేళ ఏం జరుగుతుందో చూడాలంటే పక్క రాష్ట్రానికి వెళ్లాలి. కర్ణాటకలోని తుమకూరు జిల్లా కుణిగల్‌లో టిప్పు సుల్తాన్ తన ఆశ్వికదళం కోసం నడిపిన క్షేత్రం ఉంది. నాలుగు వందల ఎకరాలకు పైగా పచ్చిక. టిప్పు పోయాడు, ఇంగ్లీషువాళ్లు పోయారు, మైసూరు రాజుల పాలనా పోయింది. గుర్రాలు మాత్రం ఉన్నాయి. 1992లో ప్రభుత్వం దాన్ని విజయ్ మాల్యా గ్రూపు సంస్థకు 30 ఏళ్ల లీజుకిచ్చింది. గడువు దగ్గర పడ్డాక ఆ నేలలో టౌన్‌షిప్ కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. రెండు శతాబ్దాల గుర్తు చెరిగిపోతుందని స్థానికులు అడ్డం తిరిగారు.

అక్కడ కనీసం అడగడానికి గుర్రాలున్నాయి. ప్రభుత్వ భూమి కాబట్టి నిలదీసే హక్కూ ఉంది. మన గడులకు ఆ రెండూ లేవు. చాలావరకు అవి సొంత ఆస్తులు. వారసులు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. సున్నం రాలుతుంటే బాగుచేయించడానికి లక్షలు కావాలి. అందులో నలుగురు వాటాదారులుంటే ఒక మాట మీదికి రావడమే కష్టం. అమ్మేవాళ్లను తప్పుపట్టలేం. అయితే కొనేవాడికి కావలసింది సాధారణంగా కింద నేలే. పైనున్న టేకు దూలాలు, చెక్కిన తలుపులు విడివిడిగా అమ్ముడుపోతాయి. నెలరోజుల్లో రెండు వందల ఏళ్ల చరిత్ర ట్రాక్టర్లకెక్కుతుంది!

వేరే దారి లేదా?

ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ కళాశాల అయింది. వేల మంది పిల్లలు అక్కడ చదువుకుని బతుకుదెరువు సంపాదించుకున్నారు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను వారసులే ఓపిగ్గా బాగుచేయించారు. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. తెలంగాణలో 2017 నుంచి వారసత్వ కట్టడాల పరిరక్షణకు ప్రత్యేక చట్టమూ ఉంది. కావలసిందల్లా ఏ ఊళ్లో ఏ గడి ఉందో, ఎవరిదో, ఏ స్థితిలో ఉందో గోడ కూలకముందే రాసిపెట్టడం.

పాత గడినో, దాని చుట్టూ ఉన్న భూమినో కొనాలనుకునేవాళ్లు కొన్ని సంగతులు చూసుకోవాలి. ఎకరాలు ఎన్ని చూపించినా భూపరిమితి చట్టం దాటి కొనలేరు. మిగులు భూమిగా ప్రకటించినదేమైనా అందులో ఉందా, కౌలుదార్ల హక్కులున్నాయా, వారసులందరూ సంతకం పెడుతున్నారా అన్నది పాత పహాణీలతో సహా పరిశీలించాలి. 2025లో వచ్చిన భూభారతి చట్టం కింద రికార్డుల్లో పేరు ఎవరిదో సరిచూసుకోవాలి. కట్టడానికి వారసత్వ గుర్తింపు ఉంటే ఇష్టం వచ్చినట్టు కూల్చడం కుదరదు.

గడిని చూసి ఒకరు తాతల వైభవాన్ని తలచుకుంటారు. మరొకరు తాతల వీపు మీది వాతలను తలచుకుంటారు. ఇద్దరి జ్ఞాపకమూ నిజమే. ఆ గోడలు నిలబడి ఉంటేనే బడి పిల్లలకు రెండూ చూపించి చెప్పగలం. గుర్రాలను ఎలాగూ తిరిగి తేలేం. రిజిస్ట్రేషన్ కాగితంలో గజాలు, సర్వే నంబర్లు రాస్తారు గానీ, ఆ జ్ఞాపకానికి గడి ఏదీ ఉండదు.