మీకు తెలుసా? నికోబార్ దీవికి పేరిచ్చిన మహారాణి నాణెం ముంబైలో తయారైంది!

నికోబార్‌లో నాన్‌కౌరీకి వాయవ్యాన టెరెస్సా అనే దీవి ఉంది. ఆ పేరు ఆస్ట్రియాను ఏలిన మరియా థెరీసాది. ఆమె పేరూ ఆమె కొడుకు జోసెఫ్ పేరూ కలిపి పెట్టుకున్న ఒక ఓడ 1778లో నికోబార్ చేరి, అక్కడ ఆస్ట్రియా జెండా పాతింది. ఈ దీవులు మావేనని 1756 నుంచీ అంటున్న డెన్మార్క్ వాళ్ల అభ్యంతరాన్ని పట్టించుకోలేదు. గాట్‌ఫ్రీడ్ స్టాల్ అనే అతన్ని కొద్దిమందితో అక్కడ ఉంచారు. 1783లో స్టాల్ చనిపోయాడు. వలస ఎన్నాళ్లో నిలవలేదు.

నిలిచింది ఆమె వెండి నాణెం, థాలర్. దాన్ని జర్మనీ గడ్డ మీద కూడా ముద్రించేవారు. అప్పటికి జర్మనీ ఒకే దేశం కాదు. వందల చిన్న రాజ్యాలు. మన గద్వాల సంస్థానం సొంత నాణేలు వేయించినట్టే వాటిలో చాలావాటికి సొంత టంకశాలలుండేవి. బుర్గావ్ అలాంటి చిన్న సీమ. ఆస్ట్రియా రాజవంశం చేతిలో ఉండేది. అక్కడి గ్యుంట్స్‌బుర్గ్ ఊళ్లో ముద్రించిన థాలరే లోకమంతా తిరిగింది. మహారాణి బొమ్మ కింద కనిపించే ఎస్, ఎఫ్ అక్షరాలు ఆ టంకశాల అధికారులు షోబుల్, ఫాబీలవి. అంచు చుట్టూ లాటిన్‌లో ‘న్యాయం, దయ’ అని ఉంటుంది. బరువు 28 గ్రాములు. మన పాత వెండి రూపాయలు రెండు కలిపినా అంత తూగవు.

1780లో ఆమె కన్నుమూసింది. అరేబియా, ఇథియోపియా వర్తకులకు మాత్రం ఆమె ముఖమే కావాలి. కాఫీ గింజలకైనా సరే, వేరే నాణెం ఇస్తే తీసుకునేవారు కాదు. బొమ్మ మీది ముత్యాలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకుని మరీ పుచ్చుకునేవారు. అందుకే ఎప్పుడు ముద్రించినా సంవత్సరం 1780 అనే వేస్తూ వచ్చారు. ఒక నాణేన్ని సామాన్య వర్తకులు ఇంతగా నమ్మడం చరిత్రలో అరుదు.

1935లో ఇటలీ నియంత ముసోలినీ ఆ నాణెం అచ్చులను వియన్నా నుంచి తన దేశానికి తెప్పించుకున్నాడు. ఇథియోపియాను ఆక్రమించే సైన్యానికి అక్కడ చెల్లే డబ్బు కావాలిగా! దాంతో బ్రిటన్ కూడా సొంతంగా ముద్రణ మొదలుపెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇథియోపియాలో ఇటలీతో పోరు ముదిరినప్పుడు లండన్ ఒక్కటే సరిపోలేదు. 1940, 41లలో మన ముంబై టంకశాలలో కూడా అవే థాలర్లు తయారయ్యాయి, 1780 అనే ముద్రతోనే.